కాడి, మంచంకోళ్ళు, కొంత వ్యాకరణం

సంధి అంటే అతుకు. తెలుగు పండితునిగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏటేటా ఈ మాటను పిల్లలకు చెబుతూ వచ్చాను. రెండు అచ్చులు ఎదురుపడినప్పుడు ఏది నిలుస్తుందో, ఏది తొలగుతుందో, ఎక్కడ కొత్తది వచ్చి చేరుతుందో సూత్రాలతో సహా వివరించాను. రెండు కొయ్యలు ఎదురుపడినప్పుడూ ఇంచుమించు ఇదే కథ నడుస్తుందని, అక్కడా లోపాలూ ఆగమాలూ ఆదేశాలూ ఉంటాయని ఉద్యోగ విరమణ తరువాత, ఒక పుస్తకాల అలమరను నా చేతులతో నేను చేసుకొన్నప్పుడే బోధపడింది. ఆ ముచ్చటను ఇక్కడ రాసిపెడుతున్నాను. పనిముట్లు తక్కువగానూ కోరిక ఎక్కువగానూ ఉన్నవారికి ఇందులో ఒకటి రెండు సంగతులైనా పనికివస్తాయని ఆశ.

మాది చక్రాయపేట. ఇల్లు పాతకాలపు మట్టిమిద్దె. రాతిగోడలు, రాయికీ రాయికీ నడుమ మట్టి అడుసు, గోడలోనే గూళ్ళు. పుస్తకాలన్నీ ఆ గూళ్ళలోనే ఉండేవి. మా సీమకు ఈశాన్య రుతుపవనాల వాన ఒక వరం. ఆ వాన వెలిసిన తరువాత, గోడ లోపలి తడిమట్టి దారిని పట్టుకొని చెద వచ్చింది. ముందు నుంచి చూస్తే పుస్తకాల వెన్నులు నిక్షేపంగా వరుసలో నిలబడి ఉన్నాయి. చేతిలోకి తీసుకొంటే లోపల అక్షరాలకు బదులు మట్టి. కింది గూటిలోని పుస్తకాలలో సగం అలా పోయాయి. నా విద్యార్థిదశ నాటి బాలవ్యాకరణం ప్రతికి వెనక అట్ట, చివరి పుటలు కొన్ని పోయాయి. అంచులలో మా గురువుగారు పెన్సిలుతో వేసిన గుర్తులు, చిన్న చిన్న వివరణలు మాత్రం దైవికంగా మిగిలాయి. అటువంటి వివరణలు ఏ అచ్చుపుస్తకంలోనూ దొరకవు. మరొక వానకాలం ఆ గూటిలోనే ఉంటే అవీ మిగలవు. కనుక వచ్చే ఆశ్వయుజం లోపల గోడనూ నేలనూ తాకకుండా నిలిచే అలమర ఒకటి కావాలి.

బజారులో దొరికేవి చూశాను. రంపపు పొట్టును జిగురుతో అదిమి పలకలుగా చేసి, పైన నునుపైన కాగితం అంటించిన సామాను. తడి తగిలితే ఉబ్బుతుంది. పెద్ద నిఘంటువుల బరువుకు నడుములో కుంగుతుంది. వడ్రంగిని పిలుద్దామంటే ఊళ్ళో పనిచేసే చేతులు కరువైనాయి. పిల్లలు కొందరు బెంగళూరులో వంటగదుల అలమరలు బిగిస్తున్నారు, కొందరు కువైటులో ఉన్నారు. మిగిలింది ఎనభైకి చేరువైన పెద్దాచారి ఒక్కడే. నాగళ్ళు, బండిచక్రాలు, వాకిళ్ళు వేలెడు సందు లేకుండా చేసిన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతాయి. ఉలి పట్టలేడు.

"ఏం చేద్దాం మామా?" అన్నాను.

"పని నేను సేయలేను గానీ అయ్యవారూ, మాట సెప్తా. సెయ్యి మీది" అన్నాడు.

అలా మా పంచలో ఆయన కుర్చీలోనూ, నేను నేలమీదనూ కూర్చొని పని మొదలుపెట్టాము. జీవితమంతా నేను కుర్చీలో కూర్చొని, ఎదుటివారిని నేలమీద కూర్చోబెట్టి చెప్పినవాణ్ణి. ఈ తారుమారు నాకు నచ్చింది.

ముందు కొయ్య సంగతి. మా కనుచూపు మేరలో ఉన్న కొండలలో ఎర్రచందనం పెరుగుతుంది. తూర్పుకనుమల దక్షిణభాగంలో, ప్రధానంగా కడప, చిత్తూరు, నెల్లూరు సీమల కొండలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా అది సహజంగా పెరగదు. 1995లో అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒడంబడిక రెండవ అనుబంధంలోకి ఎక్కిన చెట్టు. దాన్ని కొట్టడం నేరం, దాచడం నేరం. లోకమంతా కోరే కొయ్య పక్కనే ఉన్నా, మా ఇళ్ళలో చేతికి తగిలేది ఎప్పుడూ వేపా తుమ్మా మాత్రమే. కొత్త కొయ్య కొనకుండా ఇంట్లో ఉన్నదానితోనే ముగించాలని నిశ్చయించుకొన్నాను. అటక మీద, కొట్టంలో వెదికితే దొరికినవి ఇవి: పాత వాకిలి తాలూకు రెండు వేపచెక్క తలుపు రెక్కలు, విరిగిన రెండు నవారు మంచాలు, మా నాయన దున్నిన కాడి ఒకటి.

మూడడుగుల వెడల్పున అలమర గీసుకొన్నాను. కాగితం మీద అది చక్కగానే ఉంది. అడుగుభాగంలో బరువు మోసే దూలంగా కాడి సరిపోతుంది. కాని కాడి ఐదున్నర అడుగుల పొడవు. రంపం తీసేసరికి మా ఇంటావిడ వంటింట్లోనుంచి వచ్చి నిలుచుంది.

"మామగారి కాడిని కోస్తారా? మీకు చెయ్యెట్లా ఆడుతుందండీ?"

ఎద్దులు పోయి, ట్రాక్టరు వచ్చి చాలా ఏళ్ళయింది. అయినా ఏరువాక నాడు పసుపూ కుంకుమా ఆ కాడికి ఆమె చేత్తోనే అందుతాయి. పెద్దాచారి నవ్వి, "కాడిని కొయ్యబళ్ళేదు అయ్యవారూ. గీతను మార్చల్ల" అన్నాడు. అంతే. కాగితాన్ని చించి, అలమర వెడల్పును ఐదున్నర అడుగులు చేశాను. తలుపు రెక్కలు ఆరడుగుల పొడవు, ఒక్కొక్కటి అడుగున్నర వెడల్పు ఉండటం కలిసివచ్చింది. వాటిని నిలువునా చీల్చితే తొమ్మిది అంగుళాల వెడల్పున నాలుగు అరలు వచ్చాయి. మంచాల పొడవాటి పట్టెలు నాలుగూ నాలుగు మూలల నిలువు కొయ్యలైనాయి. చేతిలో ఉన్న వస్తువును మన గీతకు సరిపెట్టడం ఒక పద్ధతి. వస్తువును చూసి గీతను దిద్దుకోవడం మరొక పద్ధతి. పేదరికమున్న చోట రెండవదే ఎక్కువగా నడుస్తుంది, చాలాసార్లు అదే మేలైనదీ అవుతుంది.

మూలమట్టం ఇంట్లో లేదు. ఒక దారానికి సమానదూరంలో ముడులు వేసి పన్నెండు భాగాలు చేశాను. కొసలు కలిపి మూడు, నాలుగు, ఐదు భాగాల చొప్పున మూడు మేకుల మధ్య లాగితే, మూడుకూ నాలుగుకూ నడుమ ఏర్పడేది కచ్చితమైన లంబకోణం. యజ్ఞవేదికలు కొలిచేందుకు శుల్బసూత్రకారులు తాడుతోనే పనిచేశారు. శుల్బమంటేనే తాడు. ఆ పేరును వేదాంగాల పట్టికలో చదివినప్పుడు అది పంచలో చేతికి అందే వస్తువని తట్టలేదు. చట్రం కట్టాక ఎదురుమూలల మధ్య రెండు కొలతలూ సమానంగా ఉన్నాయేమో తాడుతో మరొకసారి చూస్తే చాలు, వంకర బయటపడుతుంది.

నేల మట్టం చూడటానికి ఆసుపత్రిలో వాడి పారేసే సెలైను గొట్టం వంటి సన్నని గొట్టంలో నీళ్ళు నింపాను. నడుమ గాలిబుడగ లేకుండా చూసుకొంటే రెండు కొసలలోనూ నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది. ఆ నీరు చెప్పిన మాట ప్రకారం మా ఇంటి నాపరాతి నేల ఒకవైపు ముప్పాతిక అంగుళం పల్లం. కళ్ళు ఇన్నేళ్ళుగా దాన్ని మట్టమనే నమ్మాయి.

అసలు చిక్కు మంచం పట్టెలతో వచ్చింది. ఎన్నో ఏళ్ళు నవారు లాగిన లాగుడుకు అవి లోపలికి వంగి ఉన్నాయి. నిలువు కొయ్యలుగా నిలిపితే నడుము దగ్గర ఇరుకు, తలా పాదమూ దగ్గర వెడల్పు. చిత్రిక పట్టి తిన్నన చేద్దామంటే సగం కొయ్య పోతుంది. పెద్దాచారి పట్టె మీద అరచేయి నడిపించి, కళ్ళు మూసుకొని, "దాన్నెందుకు కొట్టేది? నడుమ పలకతో నెట్టల్ల" అన్నాడు. నడిమి అరను సరిగ్గా కావలసిన పొడవుకు కోసి, దాని రెండు కొనల దగ్గర ఏటవాలుగా చెక్కిన చీలికలను జంటలుగా, ఒకదానికొకటి ఎదురుగా పెట్టి కొద్దికొద్దిగా కొట్టాను. పట్టెలు అంగుళంలో పావువంతు చొప్పున వెనక్కు జరిగి తిన్నబడ్డాయి. అదే సమయంలో తలా పాదమూ బయటికి జరగకుండా పట్టి ఉంచాలి. బిగించే మరలు లేవు. చెనక్కాయ బండికి మోకు వేసి, మోకులో కట్టె దూర్చి మెలితిప్పి బిగించడం చిన్నప్పటినుంచీ చూసినదే. ఆ మెలికట్టెతోనే తల దగ్గర ఒకటి, పాదం దగ్గర ఒకటి బిగించాను. జిగురు ఆరేదాకా ఒక రాత్రంతా అలమర బండిలోడు వలె తాళ్ళతో పడుకొంది.

ఐదున్నర అడుగుల అర మీద పుస్తకాలు పేర్చితే నడుము వంగకుండా ఉంటుందా? కొయ్య వంపుకు ఒక లెక్క ఉంది. బరువు ఒకే తీరున పరుచుకొని ఉన్నప్పుడు ఆధారాల మధ్య దూరం సగమైతే వంపు పదహారో వంతుకు పడిపోతుంది. కనుక ప్రతి అర నడుమా ఒక ఊత ఉంటే చాలు. మంచంకోళ్ళు గుర్తుకువచ్చాయి. పదిహేను అంగుళాల ఎత్తు, గట్టి తుమ్మకొయ్య. అరకూ అరకూ నడుమ ఒక్కొక్క కోడును స్తంభం వలె నిలిపాను. ఆ ఎత్తు నిఘంటువులకూ కావ్యాలకూ చక్కగా సరిపోయింది. అరల ముందంచు కింద అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు ఉన్న బద్దను పడుకోబెట్టకుండా నిలువుగా అతికించాను. అదే బద్ద పడుకొన్నప్పటికన్నా నిలబడినప్పుడు తొమ్మిది రెట్లు ఎక్కువగా వంపును ఎదిరిస్తుంది. దూలాన్ని వెడల్పు మీద కాక ఎత్తు మీద నిలపడంలోని రహస్యం ఇదే.

ఇక కాడి. ఎద్దుల మెడల దగ్గర అది రెండుచోట్ల కొంచెం ఒంపు తిరిగి ఉంటుంది. నడుమ నొగ కట్టేచోట మందంగా ఉంటుంది. దాన్ని కింది అర అడుగున పెడితే నడుమ ఆనింది, ఒంపుల దగ్గర సందు మిగిలింది. ఇక్కడే నాకు వ్యాకరణం పలికింది. మా అనే మాటకూ అమ్మ అనే మాటకూ నడుమ సందు మిగిలితే మనం రెంటిలో దేనినీ చెరపము. ఒక యకారాన్ని తెచ్చి నిలిపి మాయమ్మ అంటాము. నిలువుకూ అద్దానికీ నడుమ టకారం వచ్చి నిలువుటద్దం అవుతుంది. ఆగమం మిత్రుని వలె వచ్చి పక్కన కూర్చుంటుందని, ఆదేశం శత్రువు వలె వచ్చి ఉన్నవాణ్ణి లేపి ఆ చోట కూర్చుంటుందని వ్యాకరణవేత్తలు అంటారు. కాడిని చెక్కి పలకకు సరిచేస్తే అది ఆదేశం. సందులో చిన్న చెక్కముక్కలు అమర్చితే అది ఆగమం. నేను మిత్రుణ్ణే పిలిచాను. ఎద్దుల మెడ పక్కన నిలిచే పుల్లల కోసం మునుపే వేసి ఉన్న రంధ్రాలలో వెదురు మేకులు దిగగొట్టి పలకను పట్టించాను. కాడి మీద ఒక్క కొత్త గాటు కూడా పడలేదు.

పాత వేపకొయ్య ఎండి రాయి వలె ఉంటుంది. కొసదేరిన మేకు నారను ఆప్పు వలె విడదీసి చెక్కను చీల్చుతుంది. మేకు మొనను సుత్తితో ఒక దెబ్బ కొట్టి మొద్దుచేస్తే అది నారను నలిపి దారి చేసుకొంటుంది, చీల్చదు. మరమేకుకు ముందుగా సన్నని బెజ్జం వేసి, మరకు కాస్త సబ్బు రాస్తే సులువుగా దిగుతుంది. పాత బెజ్జం వదులైతే అందులో జిగురులో ముంచిన అగ్గిపుల్లలు కూరితే మళ్ళీ పట్టు వస్తుంది. తలుపు రెక్కలలో పాత గొళ్ళేల బెజ్జాలు చాలా ఉన్నాయి. వాటిని పూడ్చడానికి కొండపల్లి వారి విద్యను అప్పు తెచ్చుకొన్నాను. తెల్లపొణికి కొయ్యతో చేసే ఆ బొమ్మలకు చేతులూ తలలూ అతికేది మక్కుతో. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. చింతగింజలకు మా ఊళ్ళో కొదువ లేదు. వేయించి, పొట్టుతీసి, పొడిచేసి, ఉడికించి, అదే తలుపు కోసినప్పుడు రాలిన పొట్టును కలిపాను. పూడ్చిన చోటు ఏదో ఇప్పుడు వెదికితే గాని కనబడదు. తన పొట్టుతో తన గాయాన్నే మాన్పుకొన్నట్టయింది.

వెనకవైపు పలకలను రెండు అంచులలోనూ బిగించబోతుంటే పెద్దాచారి చేయి అడ్డం పెట్టాడు.

"రెండు పక్కలా కట్టేయగాకండి సామీ. ఎండకు ముడుసుకుంటాది, వానకు ఉబ్బుతాది. కొయ్యకు ఊపిరాడల్ల. ఒక పక్క ఇడ్సిపెట్టండి."

కొయ్య పొడవులో దాదాపు మారదు, అడ్డంలో మాత్రం తేమను బట్టి పెరిగి తరుగుతుంది. కడప ఎండ ఎటువంటిదో, కార్తీకమాసపు తేమ ఎటువంటిదో మా సీమవారికి చెప్పనక్కరలేదు. వానకాలంలో బిగుసుకొన్న తలుపు వేసవిలో దానంతటదే సడలడం అందరమూ చూస్తున్నదే. పలకకు ఒక అంచును బిగించి, రెండవ అంచు జరగడానికి గాడిలో కాస్త చోటు వదిలాను. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో అక్కడక్కడ బహుళమనే మాట వాడాడు. ఒకచోట కార్యం తప్పక జరుగుతుంది, ఒకచోట జరగనే జరగదు, ఒకచోట జరిగినా జరగకున్నా సరే, మరొకచోట ఇంకేదో జరుగుతుంది. చదువుకొనే రోజులలో కొందరు సహపాఠులు దీన్ని తప్పించుకొనే ఉపాయమని వెక్కిరించేవారు. మా గురువుగారు మాత్రం ఆ పుట అంచున పెన్సిలుతో 'భాషకు చోటు' అని రెండే మాటలు రాయించి ఊరుకొన్నారు. ఆ రెండు మాటలకూ వ్యాఖ్యానం ఇన్నేళ్ళకు మా పంచలో, చదువురాని ఒక పెద్దమనిషి నోట విన్నాను.

చివరగా చెదపురుగు. నేలలో ఉండే చెద మట్టితో సంబంధం తెంచుకోలేదు. వెలుతురూ గాలీ తగలకుండా మట్టిగొట్టాలు కట్టుకొంటూ పైకి వస్తుంది. కనుక దానికి దారి లేకుండా చేయడమొకటి, వేసిన దారి మనకు కనబడేటట్టు చేయడమొకటి, రెండూ కావాలి. నిలువుకొయ్యల కింద నాలుగు, కాడి నడుమ కింద ఒకటి, మొత్తం ఐదు చోట్ల నాపరాతి ముక్కలు పెట్టి, ఆ రాళ్ళను నూనెడబ్బాల అడుగులతో చేసిన పళ్ళేలలో నిలిపాను. పళ్ళేలలో నీళ్ళు. కొయ్య నీటిని తాకదు, రాయి తాకుతుంది. నేలపల్లానికి సరిపడా ఒకవైపు రాళ్ళు ముప్పాతిక అంగుళం మందమైనవి ఎంచుకొన్నాను. అలమరను గోడకు జానెడు దూరంలో నిలిపాను. వారానికొకసారి వెనక్కు తొంగిచూస్తే మట్టిగీత ఏదైనా లేస్తున్నదో లేదో తెలిసిపోతుంది. ఏ మందూ శాశ్వతం కాదు. చూసే కన్ను ఉండాలి.

మా మండలంలోని గండి క్షేత్రం పలువురికి తెలిసినదే. పాపాఘ్ని కొండను రెండుగా చీల్చుకొని వెళ్ళేచోటు కనుక గండి అయింది. శ్రీరాముడు అక్కడి కొండరాతి మీద తన బాణపు మొనతో ఆంజనేయుని రూపాన్ని గీశాడని, ఎడమచేతి చిటికెనవేలును మాత్రం విడదీయకుండా వదిలివేశాడని, తరువాత శిల్పులు దాన్ని పూర్తిచేయబోతే నెత్తురు చిందిందని స్థలపురాణం. చిన్ననాటినుంచీ ఈ కథను భక్తితోనే విన్నాను. ఇప్పుడు అందులో పనివాని సంగతి కూడా వినబడుతున్నది. చేతిలో ఉలి లేనివాడు బాణంతోనే పని ముగించాడు. ముగిసిన పనిలో కొంత మిగిలితే దాన్ని అలాగే ఉండనివ్వడం కూడా పనిలో భాగమే. మా అలమర కుడిపక్క పైమూలలో ఒక పట్టె రెండంగుళాలు పొడుగ్గా మిగిలింది. కోసెయ్యమని వచ్చినవారంతా అంటున్నారు. దానికి మా ఇంటావిడ తోరణం కట్టింది.

ఇటువంటి పనిని మనవాళ్ళు 'ఏదో యుక్తి చేశాడు' అంటారు. కొంచెం తేలికచేసి అనే మాట అది. కాని యుక్తి అన్న పదం యుజ్ అనే ధాతువు నుంచి వచ్చింది. దాని అర్థం కలపడం, పూన్చడం. యోగమూ దానినుంచే వచ్చింది. సంస్కృతంలో కాడికి పేరైన యుగమూ దానినుంచే వచ్చింది. అంటే యుక్తిపరుడంటే నియమం తప్పి తప్పించుకొనేవాడు కాడు. దూరదూరంగా పడి ఉన్నవాటిని ఒక కాడికి కట్టగలిగినవాడు. అతుకు దేనికోసమో తెలిసినవానికి అతికే దారులు పది కనబడతాయి. సూత్రం మాత్రమే తెలిసినవానికి ఒక్కటే కనబడుతుంది, అదీ పనిముట్టు ఉంటేనే.

అలమర మీద ఇప్పుడు పై అరలో కావ్యాలు, రెండవ అరలో బడిపిల్లలు తీసుకువెళ్ళే కథల పుస్తకాలు, మూడవ అరలో వ్యాకరణాలు, వాటి నడుమ వెనక అట్ట లేని ఆ బాలవ్యాకరణం, కింద కాడి మీద బరువైన నిఘంటువులు ఉన్నాయి. పెద్దాచారి సాయంత్రాలు వచ్చి ఒక్కొక్క అతుకునూ అరచేత్తో తడిమి చూసి వెళుతున్నాడు. చూపించే చోటు ఇంకా ఉంది, వినే ఓపిక నాకు ఉంది. అటక మీద మరొక విరిగిన మంచమూ ఉంది. ఊళ్ళో పదో తరగతి చదివే పిల్లలిద్దరు వచ్చే వేసవి సెలవులలో పని నేర్చుకొంటామన్నారు. ఆయన చేతులు వణకవచ్చు గాని, మాట ఇంకా మట్టంగానే ఉంది.